కుట్లూ అల్లికలూ ఇంటిల్లిపాదికీ

నెలగంట పెట్టారు. క్రిస్మస్ వస్తోంది, ఆ వెనకే భోగి, సంక్రాంతి. బట్టల దుకాణాల్లో కాలు పెట్టడానికి చోటుండని రోజులివి. ఇలాంటప్పుడు మన మహిళా మండలి వాళ్ళు నన్ను పిలిచి, పండక్కి ఇంట్లోనే కుట్టుకునేవీ చేసుకునేవీ ఏమున్నాయో చెప్పమన్నారు. హైస్కూల్లో కుట్టు టీచరుగా పనిచేసినదాన్ని కాబట్టి చెప్పాల్సింది చాలానే ఉంది. దానికి ముందు ఒక సంగతి తేల్చుకోవాలి.

మన ఇళ్ళల్లో సూది ఎందుకు మూలపడింది? తీరిక లేక అంటారు, రెడీమేడ్ చవక అంటారు. రెండూ నిజమే. అయితే వాటికన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. ఒకప్పుడు పెళ్ళిచూపుల్లో అమ్మాయిని అడిగేవాళ్ళు: "కుట్లూ అల్లికలూ వచ్చా?" అబ్బాయిని మాత్రం "చొక్కాకి గుండీ ఊడితే కుట్టుకోగలవా నాయనా" అని ఎవరూ అడగలేదు. సూది ఆడపిల్లకు పరీక్ష అయిపోయింది. నాలుగక్షరాలు నేర్చిన ఆడపిల్లలు ఆ పరీక్ష మాకొద్దన్నారు. తల్లులు కూడా "నువ్వు చదువుకో తల్లీ, ఇవన్నీ నీకెందుకు" అని మిషను మీద దుప్పటి కప్పేశారు. ఆ తల్లులు చేసింది న్యాయం. ఈ వేదిక మీద నిలబడి కూడా నేను వాళ్ళ పక్షమే.

మన పశ్చిమ గోదావరి జిల్లానే చూడండి. 1844లో స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు నరసాపురం ప్రాంతంలో లేసు అల్లిక నేర్పారని చెబుతారు. ఆ పని ఊరూరా పాకింది. పాలకొల్లు, మొగల్తూరు వైపు అరుగు మీద కూర్చుని వేలికి దారం చుట్టుకుని అల్లని ఇల్లంటూ లేదనేంతగా విస్తరించింది. మన ఆడవాళ్ళు అల్లిన టేబుల్ క్లాతులు సముద్రాలు దాటి వెళ్ళాయి. మరియా మీస్ అనే జర్మన్ సమాజ శాస్త్రవేత్త ఇక్కడికి వచ్చి, ఈ అల్లిక పనివాళ్ళ మీద 1982లో పుస్తకమే ప్రచురించారు. అందులో ఆవిడ తేల్చిన విషయం మనసును కలచివేస్తుంది. పొద్దస్తమానం అల్లే ఆడవాళ్ళను లోకం పనివాళ్ళుగా లెక్కపెట్టలేదు. "ఇంట్లో ఊరికే కూర్చోక ఏదో అల్లుకుంటారు" అంది. ఆ మాట చాటున కూలీ తగ్గిపోయింది, వ్యాపారం మగవాళ్ళ చేతుల్లో పెరిగింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అల్లిన చేతికి దక్కాల్సిన గుర్తింపు మాత్రం ఇంకా మిగిలే ఉంది.

ఇంకో సంగతి గమనించండి. బజారులో మిషను తొక్కేది ఎవరు? ఎక్కువమంది మగ దర్జీలే. తెలంగాణలో మేరవాళ్ళకు తరతరాలుగా అది కులవృత్తి. అదే కుట్టు వీధిలో మగవాడి వృత్తి, గడప దాటి లోపలికి వస్తే ఆడవాళ్ళ కాలక్షేపం! ఈ తేడా పోయినప్పుడే సూది మళ్ళీ మన ఇళ్ళలోకి వస్తుంది. అందుకే నేను అడిగేది ఒక్కటే: పండగ కుట్టుపని అమ్మ పని కాకూడదు, అమ్మాయి పని కాకూడదు, ఇంటిల్లిపాది పని కావాలి.

మొదలుపెట్టడానికి బొంతను మించింది లేదు. సూది పట్టడం వస్తే చాలు. మీ ఇంట్లో కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలుంటాయి. పారేయడానికి మనసొప్పదు, కట్టుకోవడానికి పనికిరావు. సాధారణంగా చీర అయిదున్నర మీటర్లు. మూడు ముక్కలు చేస్తే ఒక్కొక్కటి ఒక మీటరు ఎనభై సెంటీమీటర్లు వస్తుంది. ఒక మనిషి పడుకోవడానికి సరిపోయే మూడు పొరలు ఒక్క చీరలోనే దొరికినట్టు. చలికాలానికైతే రెండు చీరలు, ఆరు పొరలు. చీర అంతటా ఒకేలా నలగదు. కూర్చునే చోటా, కాళ్ళ దగ్గరి అంచూ ముందు పోతాయి, కొంగు గట్టిగా ఉంటుంది. నీరసపడ్డ ముక్కలు మధ్య పొరల్లోకి, గట్టి ముక్కలు పైకీ కిందికీ. చాప మీద పరిచి, ముడతలు లేకుండా చేత్తో నిమిరి, ముందు కచ్చా కుట్టు వేయాలి. అది కూడా మధ్యలో మొదలుపెట్టి అంచుల వైపు వెళ్ళాలి. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డంతా నడుమకు చేరి ఉబ్బుతుంది. ఆ తర్వాత రెండు వేళ్ళ ఎడంలో వరసలు. ఒక మూల తాతయ్య పట్టుకోవచ్చు, ఇంకో మూల మనవడు. దారం ఎక్కించే పని పిల్లలకివ్వండి, వాళ్ళ కళ్ళు చురుకు. తండ్రి ఒక వరస, కొడుకు ఒక వరస కుట్టనివ్వండి. వంకరగా వస్తే రానీండి, విప్పించకండి. ఆ వంకర వరసను చూపించి ఇది ఫలానా ఏడాది నేను కుట్టింది అని వాడు తన పిల్లలకు చెప్పుకుంటాడు.

పసిబిడ్డకైతే ఒక్క మల్లు చీర చాలు. అయిదు ముక్కలు చేస్తే ఇంచుమించు నలుచదరంగా వస్తాయి, పొరలన్నీ అందులోనే. కొత్త గుడ్డ పసివాళ్ళ ఒంటికి గరుకని మన పెద్దవాళ్ళు పాత నూలు చీరలనే పొత్తిళ్ళకు దాచేవాళ్ళు. ఇవాళ అమెరికాలో కూతురి పురిటికి బయల్దేరే తల్లులు పచ్చళ్ళ పక్కన ఆ బొంతల్నీ సర్దుకుంటున్నారు.

ఇక పట్టు లంగా. బీరువాలో అమ్మమ్మ చీర ఉండి, ఇంట్లో ఆరేళ్ళ పిల్ల ఉంటే సంక్రాంతికి ఇంతకన్నా ఏం కావాలి? ముందు చీర విప్పి వెలుతురుకు ఎత్తి చూడండి. మడతల దగ్గర పట్టు విచ్చుకుపోయి ఉంటే దానికి కత్తెర పెట్టకండి, అంచు మాత్రం జాగ్రత్తగా విప్పి నూలు లంగాకి వేయండి. గట్టిగా ఉంటే లెక్క ఇదీ. చీర పన్న నలభై అయిదు అంగుళాలు అనుకుందాం. పిల్లకు నడుం నుంచి చీలమండ దాకా పాతికంగుళాలు కావాలి. ఇంకో ఆరు అంగుళాలు కలిపి, పెద్ద అంచు కిందికి వచ్చేలా ముప్ఫై ఒకటి కత్తిరించండి. మిగిలిన పద్నాలుగు అంగుళాల్లో చిన్న అంచు ఉంటుంది, జాకెట్టు అందులో వస్తుంది. కుచ్చిళ్ళకు మూడు మీటర్లు పెట్టండి. ఎక్కువగా తీసుకున్న ఆ ఆరు అంగుళాలు నడుం పట్టీకీ, లోపలి వైపు వేసే రెండు మడతలకూ. అంగుళం లోతు మడత విప్పితే లంగా రెండంగుళాలు పొడవవుతుంది. ఒకటి వచ్చే సంక్రాంతికి, ఇంకొకటి ఆపై సంక్రాంతికి. జాకెట్టు పక్కల్లో కూడా మార్జిన్ ధారాళంగా వదలండి. దుకాణంలో కొన్న గౌనులో ఎదిగే పిల్లకు ఇంత చోటు వదలరు. పిల్ల ఎదుగుతుందని తెలిసినవాళ్ళు కుట్టినప్పుడే ఆ మడత పడుతుంది.

సంక్రాంతి బొమ్మల కొలువు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్క బొమ్మలు కొనుక్కోండి, ఆ పనివాళ్ళు బతకాలి. వాటి మధ్య ఇంట్లో కుట్టిన గుడ్డ బొమ్మ ఒక్కటైనా కూర్చోవాలని నా కోరిక. జాకెట్టు ముక్కలు, కాస్త దూది, కళ్ళకు రెండు గుండీలు, అంతే. లంబాడీ ఆడవాళ్ళు అద్దాలూ గవ్వలూ పెట్టి కుట్టే కుట్టు మీకు తెలిస్తే ఆ బొమ్మకు పైట అంచు మీద వేయండి. తెలియకపోతే ఆ తండాలకు వెళ్ళి, డబ్బిచ్చి, గౌరవంగా నేర్చుకోండి.

పాత గుడ్డ వాడేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. దీపావళికి గోగు కాడలకు పాత గుడ్డ వత్తులు కట్టి, నూనెలో ముంచి పిల్లలు దివిటీలు కొట్టేవాళ్ళు, కొడుతున్నారు కూడా. ఆ గుడ్డ నూలుదే అయి తీరాలి. ఇప్పటి చీరల్లో కొన్ని పేరుకే నూలు. అనుమానం వస్తే ఒక పోగు లాగి, పెద్దవాళ్ళే దగ్గరుండి అంటించి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. పట్టయితే వెంట్రుక కాలిన వాసన. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. కరిగి చర్మానికి అంటుకునే ఆ గుడ్డను దివిటీకి కట్టకండి, పసిబిడ్డ బొంతలోకి కూడా రానివ్వకండి.

మిషన్ల మాట కూడా చెప్పాలి. గాంధీజీ యంత్రాలను ఎంతగా విమర్శించారో మనకు తెలుసు. ఆయనే 1924లో ఒక సంభాషణలో సింగర్ కుట్టు మిషనును అందులోంచి మినహాయించారు. భార్య చేత్తో కుట్టడానికి పడే కష్టం చూడలేక సింగర్ దాన్ని తయారుచేశాడని ఆయన చెప్పుకొచ్చారు. ఇంట్లోవాళ్ళ కష్టం తగ్గాలన్న ప్రేమ ఆ యంత్రం వెనక ఉందని ఆయనకు కనిపించింది. మన అమ్మలకు పుట్టింటి నుంచి వచ్చిన మిషన్లు ఇంకా చాలా ఇళ్ళల్లో ఉన్నాయి. తుప్పు పట్టిందని తూకానికి వేయకండి. దుమ్ము దులిపి, మిషను నూనె వేసి, బెల్టు మారిస్తే చాలావరకు మళ్ళీ తిరుగుతాయి.

ఇంటి కుట్టుకు వెల కట్టడం కూడా నేర్చుకోండి. పక్కింటి పిల్లకు లంగా కుట్టి ఇస్తే కూలీ అడగండి. అడిగినవాళ్ళను "ఇంత చిన్నదానికి డబ్బులా" అనకండి. మరియా మీస్ మన జిల్లాలో చూసిన అన్యాయం మన వీధి గుమ్మంలోనే మొదలవుతుంది.

సంక్రాంతి దాకా ప్రతి ఆదివారం మధ్యాహ్నం నేను ఇదే హాల్లో కూర్చుంటాను. మండలి వాళ్ళు చాపలు వేస్తామన్నారు. ఉతికి ఆరేసిన పాత నూలు చీరలు రెండు, ఒక సూది, తెల్ల దారం రీలు తెచ్చుకోండి. మీ అబ్బాయిల్నీ, వాళ్ళ నాన్నల్నీ వెంటబెట్టుకుని రండి. ఆడవాళ్ళు మాత్రమే వస్తే ఆ రోజు బొంత మొదలుపెట్టను.