ట్రోసల్ పొలంలో అరగంట



అమెరికా అంతర్యుద్ధం అనగానే మనకు లింకన్, బానిసత్వ విమోచన గుర్తుకొస్తాయి. ఆ విమోచనకు ప్రాణాలతో వెల చెల్లించినవారిలో ఎక్కువమంది వృత్తి సైనికులు కారు. తమ ఊళ్లలో పేరు రాయించుకుని వచ్చిన స్వచ్ఛంద సైనికులు. అలాంటి ఒక్క దళం గురించే ఈ సాయంత్రం మాట్లాడతాను. అది మసాచుసెట్స్ తొమ్మిదో ఫిరంగిదళం.

1862 ఆగస్టులో కొలువులో చేరిన ఈ దళం దాదాపు ఏడాది వాషింగ్టన్ చుట్టూ ఉన్న కోటల కాపలాలోనే గడిపింది. 1863 ఫిబ్రవరిలో జాన్ బిగెలో కెప్టెన్‌గా వచ్చాడు. హార్వర్డ్‌లో చదివినవాడు, అప్పటికే మాల్వర్న్ హిల్ పోరులో గాయపడ్డవాడు. వస్తూనే కవాతు కఠినం చేశాడు. మొదట్లో కుర్రాళ్లకు అతనంటే గిట్టలేదు.

ఫిరంగి దగ్గర పని ఎలా ఉంటుందో తెలిస్తే ఆ కాఠిన్యం అర్థమవుతుంది. ఒకడు గొట్టాన్ని తడిగుడ్డతో తుడవాలి, ఒకడు మందూ గుండూ పెట్టాలి, ఒకడు వెనక రంధ్రాన్ని బొటనవేలితో మూసి ఉంచాలి, ఒకడు తాడు లాగి పేల్చాలి. లోపల నిప్పురవ్వ మిగిలితే తుడిచేవాడి చేతులు పోతాయి. పక్కవాడు పడిపోతే అతని పని ఇంకొకడు అందుకోవాలి. అందుకే అందరికీ అన్ని పనులూ వచ్చి ఉండాలి.

ఈ దళం చూసిన మొదటి యుద్ధం గెట్టిస్‌బర్గ్. 1863 జులై 2 సాయంత్రం పీచ్ తోట దగ్గర ఉత్తరాది జనరల్ సికిల్స్ సేన చెదిరిపోయింది. అండగా ఉన్న పదాతిదళం వెళ్లిపోయాక బిగెలో ఆరు ఫిరంగులూ ఒంటరివయ్యాయి. ఫిరంగులను గుర్రాలు లాగే ముందుబండ్లకు మామూలుగా తగిలించే వ్యవధి లేదు. వాటిని తాళ్లతో ఆ బండ్లకు కట్టి, పేలుస్తూనే వెనక్కి నడిచారు. పేలిన ప్రతిసారీ ఫిరంగి తన్ను కూడా వాటిని వెనక్కి తోసింది. అలా దాదాపు నాలుగు వందల గజాలు జరిగి ట్రోసల్ రైతు ఇంటి దగ్గరికి చేరారు.

అక్కడికి ఫిరంగిదళాల పై అధికారి మెక్‌గిల్వరీ వచ్చి, వెనక గట్టు మీద తమ సైన్యం లేదనీ, తాను ఫిరంగుల వరుస పేర్చేదాకా ఎంత నష్టమైనా కదలవద్దనీ ఆజ్ఞాపించాడు. వెనక రాతిగోడ, ముందు దక్షిణాదివారి మిసిసిపీ సేన. దగ్గరికొచ్చిన వరుసల మీద ఇనుపగుళ్లు నింపిన రేకు డబ్బాలు పేల్చారు. అవి 96 ఉంటే 92 అయిపోయాయి. శత్రువు గురి చూసి గుర్రాలను కొట్టాడు, అవి లేకపోతే ఫిరంగులు కదలవు గనక. ఆ దళానికున్న 88 గుర్రాల్లో ఎక్కువ భాగం పోయాయి. కొన్ని రోజుల తర్వాత తిమతి ఓ సల్లివన్ తీసిన ఫొటోలో అవి ఆ ఇంటి ముంగిట పడి ఉన్నాయి. పరాక్రమ గాథల్లో ఈ మూగజీవాల లెక్క రావడం అరుదు. నాకు అది పెద్ద లోపంగానే తోస్తుంది.

అరగంట ఆగారు. నాలుగు ఫిరంగులు శత్రువు చేతికి చిక్కాయి, తర్వాత తిరిగి దక్కాయి. సుమారు వందమందిలో నాలుగోవంతుకు పైగా చనిపోయారు లేదా గాయపడ్డారు. గాయపడిన బిగెలోను బ్యూగిల్ ఊదే చార్లెస్ రీడ్ వదిలిపోనన్నాడు. గుర్రం మీద కూర్చోబెట్టి, రెండు సేనల నడుమ నడక వేగంతో తీసుకెళ్లాడు. త్వరపడండి, మేం పేల్చాలి అని తమ పక్షపు మరో ఫిరంగిదళం నుంచి కబురొస్తే, త్వరపడలేను, మీరు పేల్చుకోండి అన్నాడట బిగెలో. రీడ్‌కు 1895లో మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చింది. కొత్తవాళ్లు ఇంత ఎలా నిలిచారని అడిగితే, వాషింగ్టన్‌లో విసుగు పుట్టించిన ఆ నెలలనే నేను చూపిస్తాను.

బిగెలో కోలుకుని తిరిగొచ్చాడు. పీటర్స్‌బర్గ్ ముట్టడి దాకా పోరాడిన దళం 1865 జూన్‌లో ఇళ్లకు చేరింది. 1910లో, డెబ్బైకి దగ్గరపడ్డ వయసులో, బిగెలో పీచ్ తోట పోరాటంపై పుస్తకం అచ్చువేయించాడు. ఆ సాయంత్రం గట్టు మీది ఖాళీని కాచింది ఫిరంగులేనని, చరిత్రకారులు దాన్ని గుర్తించలేదని అతని వాదన. అది నిజమనే నా నమ్మకం. మెక్‌గిల్వరీ ఫిరంగులు బారు తీరే సమయానికి గట్టు మీదికి పదాతి బలగం ఇంకా చేరనేలేదు.