చట్టం ఒక దారి, మనిషి ఒక దారి

మేము ఎనిమిదో తరగతి దాకే చదివినాము. సొసైటీ లెక్కల పుస్తకంలో, మగ్గం గుంటలో చూసిందే చెప్తాము.

1985లో పార్లమెంటు చేనేతకు రిజర్వేషన్ చట్టం చేసింది. 22 రకాల బట్ట చేతిమగ్గం మీదే నేయాలన్నది. మరమగ్గాలవాళ్ళు కోర్టుకు పోయినారు. 1993లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని చెప్పింది. తర్వాత 1996లో 22 రకాలు 11కు తగ్గినవి.

చట్టం నేటికీ ఉన్నది. అయినా మరమగ్గం చీర చేనేత పేరుతో బజారులో అమ్ముడుపోతున్నది. ఎందువల్ల? కొనేవాళ్ళు ముందు ధర అడుగుతారు. ఇన్‌స్పెక్టరు ఎన్ని ఇళ్ళు తిరుగుతాడు? ఫిర్యాదు చేద్దామంటే ఆ మరమగ్గం మన మేనల్లుడిదే అయి ఉంటుంది. వాని పొట్ట కొట్టడానికి ఎవరికి చేతులొస్తాయి?

నూలు సంగతీ అంతే. మిల్లులు కొంత నూలు చిలపలుగా కట్టాలని నియమం, మనకు అందాలని. చిలప నూలుకు పన్ను మినహాయింపు ఉన్న రోజుల్లో కొందరు దాన్నే కొని, కోన్లకు చుట్టి మరమగ్గాలకు పెట్టినారు. చౌకగా ఎక్కడ దొరికితే మనిషి అక్కడికే పోతాడు.

పరుల తప్పే చెప్తే న్యాయం కాదు. మా సొసైటీలో ఒకప్పుడు రిబేటు ఉన్న పండుగ రోజుల్లోనే జనం కొనేవాళ్ళు. మిగతా నెలలు సరుకు బీరువాల్లో మూలిగేది. కూలి ఆలస్యమయ్యేది. సభ్యులు కొందరు మేమిచ్చిన నూలు బయట అమ్ముకున్నారు. మేము కోపంతో నోటీసులు రాసినాము. ఒక ఇంటికి పోతే ఆ తల్లి, "అన్నా, నోటీసు ఉడకబెట్టి పిల్లలకు పెట్టేదా?" అన్నది. మేము తల వంచుకొని వచ్చినాము.

ఆ తర్వాత చీర అప్పజెప్పిన రోజే కూలి ఇవ్వాలని తీర్మానం చేసినాము. అందుకోసం కొంత అప్పు కూడా తెచ్చినాము. నూలు బయటికి పోవడం చాలా మట్టుకు తగ్గింది. కొత్త నియమం ఒక్కటీ పెట్టలేదు.

కాబట్టి సర్కారుకు మనవి: పథకం రాసే ముందు మగ్గం దగ్గర కూర్చొని అడగండి. ఆకలిని, ఆశను, మొహమాటాన్ని లెక్కలో వేయకపోతే ఎంత మంచి చట్టమైనా కాగితమే.

మనకు మనం ఒక మాట. మన ఇంటి పెళ్ళికి మనం నేసిన చీరే కట్టిద్దాం. దానికి ఏ ఇన్‌స్పెక్టరూ అక్కర లేదు. సెలవు.