నలభై బైట్ల పట్టు



ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీతో, తణుకులో ఉన్నాం కాబట్టి, చెరకుతో మొదలుపెడతాను. ఫ్యాక్టరీలో నాలుగు కాటాలు పెట్టి, తూకం రాసే పుస్తకం ఒక్కటే ఉంచితే ట్రాక్టర్లు రోడ్డుదాకా నిలిచిపోతాయి. కాటాకో పుస్తకం ఇచ్చి, సాయంత్రం మొత్తం కూడుకుంటే ఎవరూ ఎవరికోసమూ ఆగక్కర్లేదు. లైనక్స్ కెర్నెల్ కూడా అందుకే ఏ ప్రాసెసర్ లెక్కలు ఆ ప్రాసెసర్ దగ్గరే ఉంచుతుంది.

ఇంటెల్, ఏఎండీల 64 బిట్ ప్రాసెసర్లలో ఆ లెక్కలు ఎక్కడున్నాయో కెర్నెల్‌కి జీఎస్ రిజిస్టర్ చెబుతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. స్టాక్ పాడైతే పట్టుకోవడానికి జీసీసీ కంపైలర్ ఒక రహస్య సంఖ్యను కాపలా పెడుతుంది. అది జీఎస్ నుంచి సరిగ్గా 40 బైట్ల దూరంలోనే ఉండాలని పాత జీసీసీ పట్టు. ఆ పట్టుకు తలొగ్గి 2009లో ప్రాసెసర్ డేటా మొత్తాన్ని సున్నా చిరునామా నుంచి మొదలయ్యేట్టు అమర్చారు. మిగతా కెర్నెల్ ఎక్కడో పైన, ఇది మాత్రం సున్నా దగ్గర! బూట్ అయ్యేటప్పుడు భద్రత కోసం కెర్నెల్‌ని వేరే చోటికి జరిపితే ఈ డేటా చిరునామాలు దానితోపాటు జరగవు. వాటిని వాడే కొన్ని చోట్ల ఆ తేడాను తిరగేసి తీసేయాలి. దానికోసం వేరే కోడు రాయాల్సి వచ్చింది.

2018లో వచ్చిన జీసీసీ 8.1తో ఆ నిర్బంధం పోయింది. కాపలా సంఖ్య ఎక్కడుండాలో మనమే చెప్పొచ్చు. అయినా పాత అమరికను వెంటనే తీసేయలేదు. పాత కంపైలర్లతో కెర్నెల్ కట్టుకునేవాళ్ళు అప్పటికింకా ఉన్నారు మరి. వాళ్ళని నడిరోడ్డు మీద వదిలేయకుండా ఏళ్ళ తరబడి ఓపిక పట్టారే, ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. చివరికి 2025 మేలో విడుదలైన లైనక్స్ 6.15లో, ఈ ప్రాసెసర్లకు కనీసం జీసీసీ 8.1 ఉండాలన్నారు, సున్నా అమరికను తీసేశారు. తీసేసిన బ్రయన్ గెర్స్ట్ 2009 నాటి మార్పుల్లోనూ చెయ్యి వేసినవాడే.

రేపు హైదరాబాదులోనో బెంగళూరులోనో మీ చేతికొచ్చేది ఎక్కువగా పాత కోడే. అందులో వంకరగా కనిపించిన లైనుకి ఒకప్పుడు గట్టి కారణమే ఉండి ఉంటుంది. ఆ కారణాన్ని వెతికి పట్టుకోండి. అది ఇంకా బతికుంటే లైను జోలికి వెళ్ళకండి. చచ్చిపోయిందని తేలితే, ఉద్యోగంలో చేరి వారమే అయినా, తీసేద్దామని ధైర్యంగా అడగండి.

నేను చెప్పిన మార్పులన్నీ కెర్నెల్ గిట్ చరిత్రలో ఎవరైనా చదువుకునేట్టు ఉన్నాయి. ఈ సెలవుల్లో తెరవండి. అర్థం కాకపోతే మీ మాస్టార్లకి ఫోన్ చేయండి. పట్టా ఇచ్చేశాం కదా అని వాళ్ళు పెట్టేయరు.