యంత్రము రాకముందు

కార్యాలయమునకు క్రొత్త యంత్రము వచ్చుచున్నదనగానే దాని వెల యెంత, వేగ మెంత అని లెక్కించువారు పెక్కుమంది. దాని యెదుట కూర్చుండవలసిన గుమాస్తా మనసులో నేమున్నదో విచారించువారు అరుదు. ఆ విచారణ సిబ్బంది శాఖవారిది. పూర్వము ఈ శాఖ హాజరుపట్టీలతోను, సెలవుచీటీలతోను కాలము గడుపుచుండెడిది. 1975లో ఆచార్యులు ఉదయ్ పారీక్, టి. వి. రావు గారల సలహాపై లార్సెన్ అండ్ టూబ్రో సంస్థ ఉద్యోగుల సామర్థ్యమును పెంపొందించుటకై ప్రత్యేకముగా నొక శాఖను నెలకొల్పినది. క్రమముగా ఇతర సంస్థలును ఆ దారి పట్టి, మానవ వనరుల శాఖ యను పేరు వాడుకకు వచ్చినది. పేరు మారినంతగా పని మారినదా యన్నచో, అన్ని చోట్లను మారలేదనియే చెప్పవలెను.

మన బ్యాంకుల సంగతి చూడుడు. 1980 ప్రాంతమున శాఖలలో లెక్క యంతయు దాదాపు చేతివ్రాతయే. ఒక్కొక్క ఖాతాకు లెడ్జరులో నొక పుట. సాయంకాలమునకు జమాఖర్చులు సరిపడవలెను. ఒక్క రూపాయి తేడా వచ్చినను దీపాలు పెట్టి వెదకవలసినదే. ఆ విద్యలో ఇరువది యేండ్లు పండినవానికి కంప్యూటరు వచ్చునన్నచో తన అన్నము పోవునన్న భయము కలుగదా? 1983లో బ్యాంకుల యాజమాన్యములకును ఉద్యోగ సంఘములకును నడుమ ఒడంబడిక కుదిరినది. 1984లో డాక్టరు సి. రంగరాజన్ గారి సంఘము యంత్రీకరణమునకు మార్గము చూపినది. తరువాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చినది ఈ రంగరాజన్ గారే. 1993లో మరియొక ఒడంబడిక జరిగినది.

ఈ ఒడంబడికలు ప్రగతికి అడ్డుపడినవని నేటికిని కొందరందురు. యంత్రములకు హద్దులు పెట్టుటచే ఆలస్యమైన మాట నిజమే. అయినను యంత్రమునకు ముందు మాట నడచినది. భయము బల్లమీదికి వచ్చినది. లోపము మరియొకచోట నున్నదని నా అభిప్రాయము. యంత్రముపై పనిచేయువారికి ప్రత్యేక భత్యము నిచ్చిరి. దానితో ఆ విద్య కొలదిమంది సొత్తుగా తోచి, తక్కినవారు దూరముగా నిలువబడి చూచుటకు వీలు కలిగినది.

2000–2001లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకము క్రింద ప్రభుత్వరంగ బ్యాంకులనుండి సుమారు లక్షమంది వెడలిపోయిరి. శాఖలన్నిటిని ఒకే కేంద్రమునకు ముడివేయు కోర్ బ్యాంకింగు విధానము విస్తరించినది అటుపిమ్మటనే. లెడ్జరు పుటలలోని వివరములను యంత్రములోనికి ఎక్కింపవలసివచ్చినది. పుట తలపై వ్రాసిన షరతులు, చెక్కు నిలుపుదల ఉత్తరువులు, ఒకే ఊరిలో ఒకే ఇంటిపేరుగల ముగ్గురు వెంకటేశ్వర్లలో ఎవరి సంతక మెట్లుండునో ఆ యెరుక — ఇవి పాత గుమాస్తాకు తెలిసినట్లు మరియెవరికి తెలియును? అట్టివారిని సాగనంపుటకు ముందు వారికి తెలిసినదానిని వ్రాయించి యుంచుట సిబ్బంది శాఖకు తట్టవలసిన పని.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చినది. అది ఉత్తరములు చదువును, జవాబులు కూర్చును. ఏ పని పోవును, ఏది మిగులును, మిగిలినవానికి ఏ పని యిత్తురు అనునది ముందుగా కాగితముమీద వ్రాసి చెప్పవలెను. అధికారి నోటిమాట చాలదు. ఆయన బదిలీతో అదియు బదిలీ యగును. శిక్షణ పనివేళలలోనే, మనకు తెలిసిన భాషలో, ఆ మనిషి రోజును చేయు పనిమీదనే జరుగవలెను. ఏబది యేండ్లవానిని నిన్నచేరిన కుఱ్ఱవాని యెదుట తప్పులు దిద్దించుట శిక్షణ కాదు, శిక్ష.

శిక్షణాలయములకు కొరత లేదు. హైదరాబాదులోనే స్టేటుబ్యాంకు స్టాఫ్ కాలేజీ యను పేర మొదలైన శిక్షణాలయము 1961 నుండియు, రిజర్వుబ్యాంకు నెలకొల్పిన బ్యాంకింగు సాంకేతిక పరిశోధన సంస్థ 1996 నుండియు ఉన్నవి. చిక్కెక్కడనగా, ముగ్గురున్న పల్లెశాఖలో ఒకడు వారము దినములు శిక్షణకు పోయినచో ఆ కిటికీవద్ద కూర్చుండువా డెవడు? యంత్రమునకు డబ్బు మంజూరు చేయు కాగితములోనే ఆ బదులుమనిషి జీతమును కూడ చేర్చి వ్రాయించుకొనుట సిబ్బంది శాఖవారి మొదటి పని.