పౌరుల సొమ్ము, పౌరుల లెక్క
(విశాఖపట్టణ పౌరసభలోని ఉపన్యాస పాఠము)



నగరపాలక సంస్థ కమిషనరుగారు ఏటేట బడ్జెట్టును సిద్ధపరచి స్థాయీ సంఘమునకు సమర్పింతురు. పిమ్మట నది కౌన్సిలు ముందునకు వచ్చును. ఇన్ని రోడ్లు, ఇన్ని కాలువలు, ఇన్ని కుళాయిలని పట్టికలు చదువబడును. ఆ పట్టికలను పౌరులెట్లు చదువవలయునో విన్నవించుటకే మేమిట నిలిచితిమి.

స్థానిక స్వపరిపాలన మనకు క్రొత్త గాదు. మన పొరుగుననున్న భీమునిపట్టణమునకు 1861లోనే పురపాలక సంఘ మేర్పడెను. 1882లో రిప్పన్ ప్రభువు తన తీర్మానమున, పరిపాలన చక్కబడుటకంటె ప్రజలకు రాజకీయ శిక్షణ కలుగుటయే ముఖ్యోద్దేశమని చెప్పెను. స్వతంత్ర భారతమున 74వ రాజ్యాంగ సవరణము 1993 జూన్ 1వ తేదీనుండి అమలునకు వచ్చి, అయిదేండ్లకొకసారి పుర ఎన్నికలు జరుగవలెనని శాసించెను. అయినను విశాఖలో 2012లో కౌన్సిలు గడువు తీరిన తరువాత 2021 మార్చివరకు ఎన్నికలే లేవు. ఆ నడుమనే, 2013లో, భీమునిపట్టణము విశాఖలో విలీనమయ్యెను. అంతటి ప్రాచీన పురపాలకత అంతరించిన నాడు చర్చించుటకు విశాఖలో ఎన్నికయిన కౌన్సిలు లేకుండెను. అధికారులెంత సమర్థులైనను, అడుగువారు లేని లెక్క లెక్క గాదు.

ఇక బడ్జెట్టు సంగతి. అందు రెండు పద్దులు గలవు. ఇంటిపన్ను, నీటి రుసుము మొదలగు రాబడితో జీతములు, వీధిదీపములు, పారిశుద్ధ్యము నడుచునది రెవిన్యూ పద్దు. గ్రాంటులతోను అప్పులతోను కట్టడములు లేచునది మూలధన పద్దు. ప్రారంభోత్సవములన్నియు రెండవదానివి, పౌరుని నిత్యజీవనము మొదటిదానిది. గ్రాంటుతో నీటిట్యాంకు కట్టవచ్చును. దానికి నీరెక్కించు మోటారు కరెంటు బిల్లును మాత్రము రెవిన్యూ పద్దే మోయవలయును. 2018లో మన నగరపాలక సంస్థ బాండ్లద్వారా 80 కోట్ల రూపాయలు సేకరించెను. అప్పు తప్పు గాదు. తీర్చు దారి చూపని అప్పు తప్పు.

పన్నులవైపు చూడుడు. 2021 ఏప్రిల్ నుండి ఆంధ్రప్రదేశమున ఇంటిపన్ను అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువపై లెక్కింపబడసాగెను. స్వంత యింట నుండి కొద్దిపాటి పింఛనుతో బ్రదుకు వృద్ధునకు నేల ధర పెరిగినంత మాత్రమున చేతిలో పైస పెరుగదు. చెత్త రుసుము 2021లో విధింపబడి, 2024లో ఎత్తివేయ నిశ్చయింపబడెను. జనులు సంతోషించిరి. కాని రుసుము పోయినను చెత్త పోలేదు. తెల్లవారుజామున వీధులూడ్చు కార్మికుని కూలికి సొమ్ము ఏ పద్దునుండి వచ్చునో చెప్పకయే రుసుము తగ్గించుటయు, ఏ సేవ చేసెదరో చెప్పకయే పన్ను పెంచుటయు ఒకే దోషమునకు రెండు ముఖములు.

కావున మీరు నాలుగు ప్రశ్నలడుగుడు. గత సంవత్సరపు అంచనా యెంత, నిజముగా వచ్చినదెంత? చేతినిల్వ యని చూపినదానిలో కంట్రాక్టర్లకు చెల్లింపవలసిన బాకీ యెంత? క్రొత్త కట్టడమును పదియేండ్లు నడుపుటకు ఖర్చెవరిది? మా వార్డునకు వచ్చినదెంత? మూడు లక్షలు, అంతకు మించిన జనాభాగల పురములకు వార్డు కమిటీలను రాజ్యాంగమే విధించినది. బడ్జెట్టులను, ఖర్చుల నివేదికలను అడుగకయే ప్రకటింపవలెనని 2005 నాటి సమాచారహక్కు చట్టము చెప్పుచున్నది.

అడుగనిదే అమ్మయినను పెట్టదందురు. కమిషనరుగారిని శత్రువుగా జూడవలదు. సదుద్దేశము గల అధికారికి ప్రశ్నించు పౌరుడే బలము. అట్టి ప్రశ్న లేనిచోట ఆయన పైవారి యాజ్ఞకు మాత్రమే లోబడి యుండును. పన్ను రసీదును జేబున నుంచుకొన్న ప్రతివానికిని ఆ సభలో మాటకు హక్కు గలదు. కుళాయివద్ద వరుసలో నిలుచు పేదరాలికి అంతకంటె నెక్కువ హక్కు గలదు. ఆ హక్కును వినియోగింపుడని మా ప్రార్థన.