పిలకాయకి తొలి బండి



ఇంట్లో పిలకాయకి పద్దెనిమిదో ఏడు వచ్చిందంటే మూడు సంగతుల మీద మాటా మాటా పెరుగుతుంది. ఏం చదవాలి, ఎవరితో తిరగాలి, ఏ బండి కొనాలి. మొదటి రెండింటిలోనూ మనం గట్టిగానే తల దూరుస్తాం. మూడోది మాత్రం మగవాళ్ల వ్యవహారమని వదిలేస్తాం. షోరూముకు తండ్రీ కొడుకులు వెళ్లొస్తారు. పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడానికి మనల్ని పిలుస్తారు. ఆ మర్నాటి నుంచీ రాత్రి పదింటికి గేటు చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేది ఎవరు? మనమే కదా! కూర్చోక తప్పనప్పుడు, ఆ బండేమిటో, దాని కథేమిటో మనమూ తెలుసుకుంటే తప్పేముంది?

మాది తడ. రాష్ట్రానికి దక్షిణపు గడప అనుకోండి. 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లాలో ఉండేవాళ్లం, ఇప్పుడు తిరుపతి జిల్లా. ఒకపక్క పులికాట్ సరస్సు, ఇంకోపక్క శ్రీసిటీ ఫ్యాక్టరీలు, మధ్యలో చెన్నై నుంచి కలకత్తా వెళ్లే పెద్ద రోడ్డు. ఒకప్పుడు దాన్ని 5వ నంబరు అనేవారు, ఇప్పుడు 16. రాత్రనక పగలనక కంటెయినర్ లారీలు పోతూనే ఉంటాయి. ఇలాంటి ఊళ్లో మొగపిల్లవాడికి బండి అంటే షోకు ఒక్కటే కాదు. షిఫ్టులో పని చేసేవాడికి అది అవసరం. ఈ మాట ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, "బండీ లేదు గిండీ లేదు" అని ఒక్క మాటతో తేల్చేసే తల్లులు కొందరున్నారు. ఆ పిల్లలు బండెక్కడం మానరు. స్నేహితుడి బండి ఎక్కుతారు. దాని బ్రేకులెలా ఉన్నాయో మనకూ తెలియదు, వాళ్లకూ తెలియదు.

మా వీధిలో ఈ మధ్య జరిగిన తగాదా చెబుతాను. తండ్రికి చిన్న కిరాణా కొట్టు. ఆయన దగ్గర పాత 100 సీసీ హీరో హోండా ఒకటుంది. దాన్ని తుడవడం, దాచడం చూస్తే కన్నకూతురైనా అసూయపడాలి. కొడుకు డిప్లొమా ముగించి శ్రీసిటీలో అప్రెంటిస్‌గా చేరాడు. వాడికి 200 సీసీ బండి కావాలి. "ఇది లీటరుకి అరవై ఇస్తుందిరా, నీకింకేం కావాలి?" అంటాడు తండ్రి. "ఇస్తుంది నాయనా, కానీ ఈ రోజు బ్రేకు పట్టుకుంటే వచ్చే వారం ఆగుతుంది" అంటాడు కొడుకు. ఇద్దరూ పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. పది రోజులు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. వాళ్లమ్మ మా ఇంటికొచ్చి కూర్చుంది. "ఆయన మాట వీడికి, వీడి మాట ఆయనకి మొయ్యలేక నేను పోస్టుమ్యాన్‌ని అయిపోయాను అక్కా" అంది.

తండ్రి వైపు నుంచి ఒక మాట చెప్పుకోవాలి. ఆ తరం వాళ్లు ఎంపిక అనేదే ఎరగరు. 1970లలో మోటారు సైకిలంటే బుల్లెట్, రాజ్‌దూత్, ఎజ్డీ. స్కూటరు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురు చూడాలి. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక, పెట్రోలు పొదుపే బండికి పరమావధి అని మగవాళ్లందరికీ నాటుకుపోయింది. అదే తూకంతో ఇప్పటి పిల్లల్ని తూచితే ముల్లు నిలవదు. చిత్రమేమిటంటే మనం బండ్లు పుట్టే ఊళ్ల మధ్యనే ఉన్నాం. బుల్లెట్ల తయారీ 1955లో మొదలైంది మద్రాసులో. హీరో కంపెనీ ఫ్యాక్టరీకి 2018లో పునాదిరాయి వేసింది మన సత్యవేడు మండలం మదన్నపాలెంలో. అయినా ఇంట్లో వాదన మాత్రం లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అన్న దగ్గరే ఆగిపోతుంది.

నేను ఆ చెల్లెలికి ఒకటే చెప్పాను. "ఏ బండి అని అడగొద్దు. ఏ దారిన పోతావు, ఎన్ని గంటలకి పోతావు, వెనకాల ఎవరిని ఎక్కించుకుంటావు అని అడుగు. తండ్రిని కూడా కూర్చోబెట్టి, కాగితం మీద రాయించు."

పాత క్యాలెండరు వెనక రాశారు. ఇంటి నుంచి సందు దాటి పెద్ద రోడ్డు మీదికి రావాలి. దాన్ని దాటాలి. శ్రీసిటీలోపల రోడ్లు విశాలంగా ఉంటాయి, అక్కడ చెయ్యి తిప్పబుద్ధవుతుంది. వారం మార్చి వారం రెండో షిఫ్టు, తిరిగొచ్చేది చీకట్లో. ఆదివారం సూళ్లూరుపేట, సినిమాకి. ఇంకా చివర, వాడు కాస్త నసిగి రాసిన మాట, ఉబ్బలమడుగు జలపాతం, స్నేహితులతో. ఈ ఆఖరుది వాళ్లమ్మకు అప్పుడే తెలిసింది. పది రోజుల పోట్లాటలో బయటపడని సంగతి పావుగంటలో కాగితం మీదికొచ్చింది చూశారా?

దారి తెలిశాక బండి సంగతి సగం తేలిపోతుంది.

రాత్రి ప్రయాణం ఉంది కాబట్టి దీపం బాగుండాలి. లారీల మధ్య పోవాలి కాబట్టి బ్రేకు బాగుండాలి. ఈ రెండింట్లో కొడుకు మాటే న్యాయం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు, అంటే 55 అడుగులు ముందుకు పోతుంది. మన ఇల్లు వాకిలి నుంచి పెరడు దాకా కొలిచినా చాలామందికి అంత ఉండదు. అడ్డంగా కుక్క వచ్చిందని కంటికి కనబడి, చెయ్యి బ్రేకు మీదికి వెళ్లేలోపే అంత దూరం అయిపోతుంది. ఆ తర్వాత బ్రేకు పని. వేగం రెండింతలైతే బ్రేకు పట్టాక ఆగే దూరం రెండింతలు కాదు, నాలుగింతలు. ఇది పిల్లలు ఫిజిక్సులో చదివే ఉంటారు. ఒకసారి వాళ్ల చేతనే లెక్క కట్టించండి.

కొత్త బండ్లలో ఏబీఎస్ అనే ఏర్పాటు ఉంటుంది. తడి నేల మీద నడుస్తూ కాలు ఒక్కసారిగా బిగబట్టామనుకోండి, జారిపడతాం. చక్రం కూడా అంతే. కంగారులో బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం తిరగడం ఆగి, ఈడ్చుకుపోతుంది. ఏబీఎస్ ఉన్న బండి చక్రాన్ని పట్టి వదిలి, పట్టి వదిలి, బిగుసుకుపోనివ్వదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఇది ఉండాలని నిబంధన వచ్చింది. అంతకు లోపు బండ్లకు కనీసం, ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలూ పట్టుకునే ఏర్పాటన్నా ఉండాలన్నారు. తండ్రి ముద్దుల బండికి ఈ రెండూ లేవు. పైగా ఇళ్లలో వాడే బండికి రిజిస్ట్రేషను 15 ఏళ్లకే. తర్వాత అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆయన దాన్ని పొడిగించుకున్నాడా అంటే, ఆ ప్రశ్న వేసినప్పుడు ఆయన కొట్లోకి వెళ్లిపోయాడట.

ఇక తండ్రి మాట ఎక్కడ న్యాయమో చెబుతాను. 200 సీసీ బండ్లలో కొన్నింటికి 24, 25 గుర్రాల బలం ఉంటుంది. రోజూ మనం చూసే 100 సీసీ బండికి 8. అంటే పిల్లవాడు చెయ్యి అంతే తిప్పుతాడు, బండి మూడింతలు దూకుతుంది. చెయ్యి తిరిగినవాడికి అది సుఖం. గేర్లు మార్చడమే ఇంకా చూసి చూసి చేసేవాడికి అది కొరివితో తల గోక్కోవడం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. వాళ్లలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. ఈ అంకె చెప్పి మిమ్మల్ని భయపెట్టాలని కాదు. తండ్రి గొంతు పెంచడం వెనక పిసినారితనం ఒక్కటే లేదని పిల్లలకు తెలియాలి.

బరువు సంగతి ఎవరూ మాట్లాడరు. 100 సీసీ బండి సుమారు 112 కిలోలుంటుంది. బుల్లెట్ 190 కిలోల పైమాటే. నడుస్తున్నప్పుడు బరువు తెలియదు. ఇసకలోనో, ఏటవాలులోనో ఆగి, కాలు కింద పెట్టినప్పుడు తెలుస్తుంది. కొనేముందు పిల్లవాణ్ణి బండి మీద కూర్చోబెట్టండి. రెండు పాదాలూ నేలకు ఆనుతున్నాయా? మునివేళ్లు మాత్రమే తగులుతున్నాయా? స్టాండు తీసి, ఇంజను ఆపి, పది అడుగులు వెనక్కి తొయ్యమనండి. పడుకోబెట్టిన బండిని ఒక్కడే లేపగలడా అని అడగండి. షోరూము వాళ్లు పడుకోబెట్టనివ్వరు లెండి, తెలిసినవాళ్ల పాత బండితో చూడండి. పొట్టి పిల్లవాడికి ఎత్తు బండి కొనివ్వడం, పెరుగుతాడులే అని పెద్ద చొక్కా కుట్టించినట్టు కాదు.

పద్దెనిమిది నిండని పిల్లల తల్లులు కూడా ఈ ప్రసంగం వింటున్నారని నాకు తెలుసు. "పక్క వీధి ట్యూషనుకే కదా" అని తాళం ఇచ్చేవాళ్లు బోలెడుమంది. గేర్ల బండికి 18 నిండితేనే లైసెన్సు. 2019లో చట్టం సవరించాక, మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు. అంతకంటే పెద్ద దెబ్బ, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సే ఇవ్వరు. తొందరపడి ఒక ఏడాది ముందు తాళం ఇస్తే, ఏడేళ్లు పోగొట్టుకోవచ్చన్నమాట. అంత అవసరమైతే 25 కిలోమీటర్ల వేగం దాటని, 250 వాట్లకు మించని చిన్న ఎలక్ట్రిక్ బండ్లున్నాయి. వాటికి లైసెన్సు అక్కర్లేదు. కానీ వాటితోనూ పెద్ద రోడ్డెక్కనివ్వకండి.

18 నిండినవాళ్లు ముందు ఎల్.ఎల్.ఆర్. తీసుకోవాలి. నెల దాటాకనే పరీక్ష. ఎల్.ఎల్.ఆర్. ఉన్నన్నాళ్లూ నేర్పేవాళ్లను తప్ప వెనకాల ఎవరినీ ఎక్కించుకోకూడదు. ఈ నియమం పిల్లలకు తెలిసినా తెలియనట్టుంటారు. స్నేహితుడు వెనక కూర్చుని "ఇంకొంచెం కొట్రా" అంటే, ఏ వయసువాడైనా కొడతాడు.

ఇన్సూరెన్సు కాగితాలు మనమే దాస్తాం కాబట్టి ఒక మాట. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఒకేసారి కట్టించుకుంటున్నారు. అది ఎదుటివాళ్ల నష్టానికి. మన పిల్లవాడికీ, మన బండికీ జరిగేదానికి కాదు. కాగితం మీద ఏమేం ఉన్నాయో కొనేరోజే చదివించుకోండి. లైసెన్సు లేనివాడు నడిపితే ఆ కాగితం అక్కరకు రావడం కష్టం.

హెల్మెట్టు విషయంలో బేరం వద్దు. లోపల ఐఎస్ఐ గుర్తు, 4151 అనే అంకె చూసి కొనండి. తల మీద పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించి, అటూ ఇటూ ఊపితే తలతోబాటు కదలాలి, విడిగా తిరగకూడదు. ఒకసారి గట్టి దెబ్బ తగిలినది పైకి బాగున్నా పనికిరాదు. అన్న వాడింది తమ్ముడికివ్వడం చొక్కాలకు సరే, దీనికి కుదరదు. పట్టీ పెట్టుకోని హెల్మెట్టు, మూత పెట్టని ఊరగాయ జాడీ ఒకటే. ఉన్నట్టే ఉంటుంది.

మరి ఆ ఇంట్లో ఏమైందంటారా? తండ్రి తన బండి ప్రస్తావన మానుకున్నాడు. కొడుకు 200 దిగి 150 దగ్గర ఆగాడు, ఏబీఎస్ ఉన్నదే కావాలన్నాడు. తండ్రి సరేనన్నాడు. కొంత డబ్బు తండ్రిది, మిగతా వాయిదాలు వాడి స్టైపెండులోంచి. నన్నడిగితే ఇదే మేలు. తన డబ్బు ఉంటే చూపు ఉంటుంది. రెండో షిఫ్టు వారం మాత్రం కంపెనీ బస్సులోనే వస్తానని వాడే అన్నాడట. ఎవరూ అడగలేదు. ఆ క్యాలెండరు కాగితం మీద తన చేత్తో తనే "చీకటి, లారీలు" అని రాసుకున్నాడు కదా.

ఉబ్బలమడుగు సంగతి ఇంకా తేలలేదు. "లైసెన్సు వచ్చాక మొదటిసారి నన్ను ఎక్కించుకుని పోరా, ఎలా నడుపుతావో చూస్తాను" అందట వాళ్లమ్మ. వాడు నెత్తి గోక్కున్నాడట. కానీ నిన్న షోరూము నుంచి రెండు హెల్మెట్లు తెచ్చారు. రెండోది ఆడవాళ్ల సైజు.