గోదాములో నలిగిన కాలికి జవాబుదారీ ఎవరు?

(హమాలీల సభలో చేసిన ప్రసంగం)



మన తాతలు దొరల గరిసెలకు వడ్లు మోశారు. తండ్రులు మార్కెట్ యార్డుల్లో నూరు కిలోల బస్తాలు మోశారు. ఇవాళ మన పిల్లలు మేడ్చల్, పటాన్‌చెరు, శంషాబాద్ గోదాముల్లో పెట్టెలు దించుతున్నారు. ఎప్పుడైనా మోత మన పల్లెకే రాసిపెట్టారు.

ఇప్పుడు గోదాముల్లోకి ఫోర్క్‌లిఫ్ట్ వచ్చింది. ముందర రెండు ఇనుప కొమ్ములు, వెనక బరువు దిమ్మె ఉన్న బండి. నడుము నొప్పి తప్పుతుందని మనమూ సంతోషించాం. మరి ఆ బండి సంగతి మనకెవరు చెప్పారు? అది వెనక చక్రాలతో మలుగుతుంది. ముందు భాగం ఇటు తిరిగితే వెనక భాగం అటు విసురుగా వస్తుంది. పక్కన నిలబడ్డ మనిషి గోడకూ బండికీ మధ్య నలుగుతాడు. కొమ్ముల మీద పెట్టెలు ఎత్తుగా పేరిస్తే ఎదుట మనిషి డ్రైవరుకు కనపడడు. సరుకు పైకెత్తి మలుపు తిప్పితే బండే ఒరుగుతుంది. భయపడి దూకిన డ్రైవరు దాని కిందే పడతాడు.

మా జట్టులో ఒక తమ్ముడి పాదం అట్లనే నలిగింది. గోదాము మేనేజరు "కాంట్రాక్టరు మనిషి" అన్నాడు. కాంట్రాక్టరు "మేస్త్రీ తెచ్చినోడు" అన్నాడు. మేస్త్రీ ఫోను ఎత్తలేదు. మేమే చందాలేసుకుని ఆస్పత్రికి తీసుకుపోయాం.

కర్మ అని మనమూ అంటున్నాం. మనుషుల దారి, బండి దారి వేరుగా గీయనిదెవరు? నేర్పకుండా తాళంచెవి చేతికిచ్చిందెవరు? తొందర తొందర అని తరిమిందెవరు? ఇందులో కర్మ ఎక్కడుంది?

నష్టపరిహారం హక్కు 1923 నుంచీ ఉంది. ఆ చట్టాన్ని 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో కలిపారు, హక్కు మాత్రం పోలేదు. ఈఎస్ఐ ఉంటే అక్కడ్నుంచి, లేకుంటే యజమాని నుంచి రావాలి. యజమాని తప్పు మనం రుజువు చెయ్యక్కర్లేదు. పనిలో దెబ్బ తగిలిందని చూపితే చాలు. కాంట్రాక్టరును చూపించి అసలు యజమాని తప్పుకోలేడు. రెండేళ్ల లోపల దరఖాస్తు పెట్టాలి. మన ముఠా, జట్టు, హమాలీల పేరు మీదే 1976లో ఇంకో చట్టం తెచ్చారు. అదెంత అమలైందో మన వీపుల్నే అడగండి!

అందుకే ప్రతి జట్టూ ఒక నోటుబుక్కు పెట్టాలి. ఏ రోజు, ఏ గోదాము, ఎవరెవరు పనికొచ్చారు, కూలి ఎంత, అన్నీ రాయాలి. దెబ్బ తగిలిన రోజే చూసినోళ్ల పేర్లు రాయాలి, ఆస్పత్రి చీటీ దాచాలి. తెల్ల కాగితం మీద ఎవరూ వేలిముద్ర వెయ్యొద్దు.

1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసింది బాబాసాహెబే. ఫ్యాక్టరీల్లో వారానికి 48 గంటల పని ఆయన హయాంలోనే చట్టమైంది. ఆయన కాగితం మీదకెక్కించిన కూలోడి హక్కును గోదాము గేటు లోపలికి తీసుకుపోవాల్సింది మనమే.

జై భీమ్!